ఎనిమిది నొక్కితే ఒకటి: పాత కార్ల అభిరుచిలోకి అంతర్జాలం వచ్చాక

సభకు నమస్కారం.

మా ఇంటి షెడ్డులో ఒక అంబాసిడర్ కారు ఉంది. మార్క్ 2. మా నాన్నగారు పేరు రాయించుకుని, ఏళ్ల తరబడి ఎదురుచూసి, 1965లో కొన్నారు. ఆయన పోయాక, 1995 నుంచి దాని మంచిచెడ్డలు నేను చూసుకుంటున్నాను. ఈ ముప్ఫై ఏళ్లలో మొదటి పదేళ్లు అంతర్జాలం తోడు లేకుండా గడిచాయి, మిగతా ఇరవై దాని తోడుతో గడిచాయి. కారు అదే, షెడ్డు అదే, చేతులు కూడా ఇవే. నడుమ వచ్చిన మార్పు ఒక్కటే కాబట్టి, ఆ ఒక్కటి ఏం చేసిందో చెప్పగలననే నమ్మకంతో మీ ముందు నిలబడ్డాను.

నా అభిప్రాయాన్ని మొదటే చెప్పేస్తాను. అంతర్జాలం మా వంటివాళ్ల కార్లకు బంధువులను వెతికి పెట్టింది, కాగితాల మీద ఉన్న జ్ఞానాన్ని అందరికీ పంచింది, ధరను బహిరంగం చేసింది. కాని ఈ అభిరుచిని నిజంగా బతికిస్తున్న విద్య కాగితం మీద ఎన్నడూ లేదు. అది ఆటోనగర్ మేస్త్రీల చేతుల్లో, చెవుల్లో ఉంది. ఆ విద్య ఇంకా అంతర్జాలానికి ఎక్కలేదు, తెలుగులో అసలే ఎక్కలేదు, దానికి ఉన్న వ్యవధి చాలా తక్కువ. నేను చెప్పబోయేదంతా ఈ మాట చుట్టూనే తిరుగుతుంది.

అంతర్జాలం రాకముందు పాత కారును ఉంచుకోవడమంటే మనుషుల చుట్టూ తిరగడం. విజయవాడ ఆటోనగర్‌లో రేడియేటర్ ఎవరు అతుకుతారు, కమాను కట్టలు ఎవరు కడతారు, సిలిండర్ బోరింగు ఎవరి లేతు మీద నమ్మకంగా వస్తుంది అనేవి ఒకరు చెబితే మరొకరు తెలుసుకోవలసిన సంగతులు. రిపేరు మాన్యువల్ అనే పుస్తకం ఊళ్లో ఒకరిద్దరి దగ్గర ఉండేది. దాన్ని అరువు అడిగితే ఇంటి దస్తావేజులు అడిగినట్టు చూసేవారు. వాళ్లను నేను తప్పు పట్టను. ఆ పుస్తకం పోతే మరొకటి దొరికే దారి వాళ్లకు లేదు.

విడిభాగాల సంగతి ఇంకా కష్టంగా ఉండేది. మార్క్ 2 కారుకు ముందు భాగంలో చదరంగపు బల్లలాంటి గడుల గ్రిల్ ఉంటుంది. 1975లో మార్క్ 3 వచ్చినప్పుడు ఆ గ్రిల్ మారిపోయింది. మా కారు గ్రిల్ ఒక లారీ వెనక్కి రావడంతో నలిగిపోయింది. దాని కోసం 1998లో నేను రైలెక్కి కలకత్తా మల్లిక్ బజారుకు వెళ్లాను. పాత కార్లను విప్పి, భాగాలు భాగాలుగా అమ్మే పెద్ద సంత అది. మూడు రోజులు ప్రతి కొట్టూ దిగి ఎక్కాను. మార్క్ 3 గ్రిల్లులు గుట్టలుగా ఉన్నాయి, నాకు కావలసినది ఒక్కటీ లేదు. హెడ్‌లైటు రింగులు రెండు, ఒక పాత మోరిస్ మాన్యువల్ కొనుక్కుని తిరిగి వచ్చాను. సరిగ్గా పదమూడేళ్ల తరువాత, ఒక సాయంత్రం, శిలిగురిలో ఒక పాత కొట్టు మూసేస్తూ అటక మీది సామాను ఫొటోలు తీసి నెట్‌లో పెట్టారు. అందులో ఒక మూల గడుల గ్రిల్ కనిపించింది. తొమ్మిదో రోజుకు పార్శిల్ మా గుమ్మంలో ఉంది. వస్తువు ఈ దేశంలో లేకపోలేదు. అది ఎవరి అటక మీద ఉందో చెప్పే సాధనం లేక పదమూడేళ్లు పట్టింది.

ఇది అందరూ చెప్పే లాభమే. నన్ను నిజంగా కదిలించిన సంగతి వేరు.

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనీ, దాన్ని హిందుస్తాన్ మోటార్స్ వారు బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారానికి తెచ్చుకున్నారనీ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకునే నాకు ముందే తెలుసు. ఆ కర్మాగారంలో 1957 ప్రాంతంలో మొదలైన ఆ కారు పైరూపంలో కొద్ది మార్పులతోనే 2014 మే నెల దాకా తయారవుతూ వచ్చింది. అందుకే మనం దాన్ని పూర్తిగా మన కారు అనుకున్నాం. ప్రపంచంలో ఇంకెవరికీ అక్కరలేని కారు అని కూడా లోలోపల అనుకున్నాం. కొత్త కార్లు వచ్చాక దాని మీద పడిన చిన్నచూపంతా ఆ రెండో ఆలోచన నుంచే పుట్టింది.

2005లో, మా అబ్బాయి పెట్టించిన కనెక్షన్ మీద, ఆ 1489 సీసీ ఇంజను గురించి వెతకడం మొదలుపెట్టాను. దాని పేరు బీ సిరీస్. 1947లో ఆస్టిన్ ఏ40 కారు కోసం 1200 సీసీతో మొదలైన వంశం అది. పెరిగి 1489 సీసీ అయ్యాక మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లోకి వచ్చింది. అదే ఇంజను, అదే 1489 సీసీతో, రెండు కార్బొరేటర్లు తగిలించుకుని, 1955లో అబింగ్డన్ కర్మాగారంలో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులోకి ఎక్కింది. దాని తరువాత వచ్చిన ఎంజీబీలో 1798 సీసీ దాకా పెరిగి 1980లో ఆ కర్మాగారం మూతపడేవరకు నడిచింది. ఎంజీఏ కార్లు లక్షకు పైగా, ఎంజీబీ కార్లు ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో చాలా భాగం అమెరికాకు వెళ్లాయి, ఈనాటికీ వేలకొద్దీ నడుస్తున్నాయి. అంటే, తెనాలి రోడ్డు మీద కూరగాయల బుట్టలు మోసిన మా నాన్నగారి కారుకూ, కాలిఫోర్నియా సముద్ర తీరం వెంట టాప్ దించుకుని తిరిగే ఎర్ర స్పోర్ట్స్ కారుకూ గుండెకాయ ఒక్కటే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పడానికి సంకోచించను.

ఈ చుట్టరికం వల్ల ఒనగూడిన ప్రయోజనం చాలా గట్టిది. ఎంజీ కార్లకు విడిభాగాలు అమ్మే మాస్ మోటార్స్ సంస్థ 1948 నుంచి కాలిఫోర్నియాలో ఉంది. ఇంగ్లండ్‌లోని విట్నీలో ఉన్న బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి ఎంజీబీ బాడీలనే కొత్తగా తయారుచేసి అమ్ముతోంది. అటువంటి ఏర్పాటు ఉన్న కారుతో మన కారు ఇంజనులో చాలా భాగాలు పంచుకుంటోందని తెలిశాక, గ్యాస్కెట్ సెట్టు కోసం, టైమింగ్ చెయిన్ కోసం దిక్కులు చూడవలసిన పని తప్పింది. అయితే కంటికి ఒకేలా కనిపించేదల్లా సరిపోదు. 1964 నుంచి ఎంజీబీ ఇంజను క్రాంకుకు, అంటే పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసుకు, ఐదు మెయిన్ బేరింగులు వచ్చాయి, మనకున్న 1489 సీసీ ఇంజనుకు మూడే. పార్టు నంబరును పాత పార్టుల పుస్తకంతో పోల్చి చూసుకోకుండా డబ్బు కట్టి నష్టపోయినవాళ్లు నాకు తెలుసు.

దారి రెండు వైపులా తెరుచుకుందని కూడా చెప్పాలి. ఇంగ్లండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 తయారీ 1950లలోనే ఆగిపోయింది. అక్కడ తుప్పు పట్టిన తలుపుకు, ఫెండరుకు జోడు కావాలంటే ఆ తరువాత యాభై ఏళ్లకు పైగా అదే రూపంలో కార్లు తీసిన మన దేశం వైపు చూస్తారు. పద్మినీ కారు కథ కూడా ఇటువంటిదే. ఇటలీలో ఎప్పుడో వెనుకబడిపోయిన ఫియట్ 1100ను బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ కర్మాగారం, తరువాత పద్మినీ అనే పేరుతో, 2000 సంవత్సరం ప్రాంతం దాకా తీస్తూనే ఉంది. పాతదాన్ని వదలలేదని మనల్ని ఎగతాళి చేసినవాళ్లకు మన పాత సరుకే అక్కరకు వచ్చింది. నాకు దీనిలో గర్వం ఉంది.

ఇప్పుడు ఈ ప్రసంగానికి పేరు పెట్టిన సంగతి చెబుతాను.

ట్యాపెట్లు సెట్ చేయడం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మా నాలుగు సిలిండర్ల ఇంజనులో ఎనిమిది వాల్వులు, అంటే పెట్రోలు కలిసిన గాలి లోపలికి, పొగ బయటికి పోయే దారుల మూతలు, ఉంటాయి. ఒక్కొక్క వాల్వు పూర్తిగా మూసుకుని ఉన్నప్పుడు దానికీ, దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఉండవలసిన సందును ఫీలర్ గేజి అనే పల్చని రేకుతో కొలిచి సరిచేయాలి. ఏ వాల్వు ఎప్పుడు పూర్తిగా మూసుకుందో తెలుసుకోవడమే కష్టం. మా మేస్త్రీ గారు ఆటోనగర్‌లో యాభై ఏళ్లు పని చేశారు, నాలుగో తరగతితో చదువు ఆపేశారు. ఆయన నాకు 1996లో నేర్పిన సూత్రం ఇది: "ఎనిమిది నొక్కితే ఒకటి, ఆరు నొక్కితే మూడు, నాలుగు నొక్కితే ఐదు, ఏడు నొక్కితే రెండు. తరువాత తిరగేసుకో." అంటే ఎనిమిదో వాల్వు పూర్తిగా నొక్కుకుని తెరుచుకుని ఉన్నప్పుడు ఒకటో వాల్వును సెట్ చేయాలి. ప్రతి జతనూ కూడితే తొమ్మిది వస్తుంది. ఆయన దీనిని తన గురువు దగ్గర, ఆ గురువు ఇంకెవరి దగ్గరో నేర్చుకున్నారు.

2006లో ఇంగ్లండ్‌కు చెందిన ఒక ఎంజీ యజమాని రాసిన వివరణ చదువుతుంటే అందులో ఇదే లెక్క కనిపించింది. వాళ్లు దాన్ని తొమ్మిది సూత్రం అంటారు. ఆ పేజీని అచ్చు తీసి మేస్త్రీ గారికి చూపించాను. ఆయన ఇంగ్లీషు చదవలేరు, అంకెలు చదివారు. ఒకటి, ఎనిమిది. మూడు, ఆరు. వేలితో ఒక్కొక్క జత మీద తడుతూ కింది దాకా వెళ్లి, "మన లెక్కే" అన్నారు. తన విద్య తన వీధిది మాత్రమే కాదని ఆయనకు తెలిసిన క్షణం అది. అంతర్జాలం నాకు ఇచ్చినవాటిలో ఆ క్షణం కంటే విలువైనది మరొకటి లేదు.

ధరల సంగతికి వస్తాను. పూర్వం పాత కారు ధరను బ్రోకరు చెప్పేవాడు. అమ్మేవాడికి ఒక మాట, కొనేవాడికి ఒక మాట. అమెరికాలో కూడా పరిస్థితి అంత మెరుగ్గా ఉండేది కాదు. అక్కడ 1954లో పుట్టిన హెమ్మింగ్స్ మోటార్ న్యూస్ అనే పత్రికలో ప్రకటన చూసి, ఫోను చేసి, వందల మైళ్లు వెళ్లి చూస్తే కాని కారు ఎలా ఉందో తెలిసేది కాదు. 1995లో ఈబే అనే వెబ్‌సైటు మొదలయ్యాక వేలం పాట ఇంట్లోకి వచ్చింది. 2007లో ప్రారంభమైన బ్రింగ్ ఎ ట్రెయిలర్ అనే వెబ్‌సైటు మొదట ఆసక్తికరమైన పాత కార్ల ప్రకటనలను ఏరి చూపించేది, 2014 నుంచి తానే వేలాలు నిర్వహిస్తోంది, 2020లో దాన్ని హర్స్ట్ అనే పెద్ద ప్రచురణ సంస్థ కొనుక్కుంది. అక్కడ ప్రతి కారుకూ వందకు పైగా ఫొటోలు ఉండడం మామూలు. చూసేవాళ్లందరూ ప్రశ్నలు వేస్తారు, బోల్టు తలకాయ రంగు దగ్గర నుంచి తప్పులు పడతారు, చివరికి ఎంతకు పాడారో ఎప్పటికీ అందరికీ కనిపిస్తుంది. ఇన్ని కళ్ల ముందు మోసం చేయడం కష్టం. ఇది నిస్సందేహంగా మేలు.

మన దగ్గర ఈ మేలు సగమే అందింది. విదేశంలో ఏదో కారు కోట్లకు పోయిందనే వార్త ఫోన్లలో తిరగ్గానే, ఇక్కడ పశువుల కొట్టం పక్కన చక్రాలు లేకుండా పడి ఉన్న ఫియట్‌కు కూడా లక్షలు చెబుతారు. 2023 అక్టోబరులో బొంబాయి రోడ్ల మీద చివరి పద్మినీ టాక్సీకి ఇరవై ఏళ్ల గడువు ముగిసినప్పుడు కొన్ని వారాల పాటు నాకు వచ్చిన ఫోన్లన్నీ పద్మినీ ధరల గురించే. ధర చెప్పేవారు పెరిగారు, కారు పరిస్థితిని నిజంగా చెప్పేవారు పెరగలేదు.

నేను కూడా ఫొటోలను నమ్మి దెబ్బ తిన్నాను. 2013లో ఒక ఫియట్ 1100 ఫొటోలు చూసి, ఇరవై వేల రూపాయలు అడ్వాన్సు పంపి, మూడు వందల కిలోమీటర్లు వెళ్లాను. ఫొటోలో నిగనిగలాడిన తలుపుల కింది అంచుకు అయస్కాంతం ఆనించాను. అది జారి కింద పడింది. అక్కడ ఇనుము లేదు, పుట్టీ మాత్రమే ఉంది. అడ్వాన్సు తిరిగి రాలేదు. అమ్మినవారి పేరు ఇక్కడ అనవసరం. ఇప్పుడు ఎవరు సలహా అడిగినా ఒకటే చెబుతాను: వంద ఫొటోలు చూసినా సరే, జేబులో అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి.

కాగితాల విషయంలో క్లుప్తంగా చెబుతాను. 2021 జులైలో కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ పాత వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలకు అవి వర్తిస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఇరవై వేలు, పునరుద్ధరణకు ఐదు వేలు రుసుము, పదేళ్ల గడువు. పాత నంబరు ఉన్న బండికి అదే నంబరు నిలుస్తుంది, కొత్తగా నమోదయ్యేవాటికి వీఏ అనే అక్షరాలతో నంబరు ఇస్తారు. రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి ఆ బండిని వాడకూడదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఇందులో అసలు చిక్కు ఇంజనూ చాసిస్సూ మార్చి ఉండకూడదనే షరతు. డీజిలు చౌకగా ఉన్న రోజుల్లో మన జిల్లాల్లో ఎన్నో పెట్రోలు అంబాసిడర్ల ఇంజన్లు దించి డీజిల్ ఇంజన్లు ఎక్కించారు. దించిన బీ సిరీస్ ఇంజన్లు తుక్కు కింద తూకానికి పోయాయి. ఆ పని చేసినవాళ్లు బతుకుతెరువు కోసం చేశారు. వాళ్లను నిందించే హక్కు మనకు లేదు. కాని దించిన ఇంజను ఇంకా షెడ్డు మూల పడి ఉన్నవాళ్లు ఎవరైనా ఈ సభలో ఉంటే, దయచేసి దాన్ని అమ్మకండి.

పెట్రోలు గురించి ఒక మాట. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 సంవత్సరంలో పూర్తిగా ఆగింది. అప్పుడు, సీసం లేకపోతే పాత పోత ఇనుప హెడ్డుల్లో ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయని మాకు చెప్పినవారు లేరు, అరిగిన తరువాత తెలుసుకున్నాం. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2025 నాటికి బంకులన్నింటికీ వచ్చేసరికి పరిస్థితి అలా లేదు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుందనీ, పాత రకం రబ్బరు గొట్టాలనూ పంపులోని డయాఫ్రమ్‌నూ మెత్తబరచి పాడుచేస్తుందనీ, కొన్ని నెలలు కదపకుండా ఉంచే బండిలో పాత పెట్రోలు నిలవ ఉంచకూడదనీ, అంతకుముందే ఇటువంటి ఇంధనం వాడిన దేశాల వాళ్ల అనుభవం చదివి ముందే గొట్టాలు మార్చుకున్నాం. ఒక తరం తిన్న దెబ్బ ఇంకొక తరం తినకుండా ఆపడం చిన్న సంగతి కాదు.

ఇక్కడిదాకా చెప్పినదాన్ని బట్టి అంతర్జాలం గొప్ప గ్రంథాలయమని మీకు తోచి ఉంటుంది. నాకు కూడా చాలాకాలం అలాగే తోచింది. ఆ గ్రంథాలయానికి గోడలు లేవని తరువాత తెలిసింది.

1990ల చివర, 2000ల మొదట్లో పాత కార్ల మీద ప్రేమ ఉన్న ఎందరో మనుషులు జియోసిటీస్ అనే చోట ఉచితంగా తమ పేజీలు కట్టుకున్నారు. ఒక్కొక్క స్క్రూ ఎక్కడ బిగించాలో బొమ్మ గీసి పెట్టారు. 2009 అక్టోబరులో దాన్ని మూసేశారు. 2017లో ఫొటోబకెట్ అనే సంస్థ, అంతవరకు ఉచితంగా దాచిన ఫొటోలు వేరే చోట్ల కనిపించాలంటే ఏడాదికి నాలుగు వందల డాలర్లు కట్టమంది. రాత్రికి రాత్రి, ప్రపంచమంతటా పాత కార్ల మరమ్మతు కథనాల్లో ఫొటోలు పోయి ఖాళీ పెట్టెలు మిగిలాయి. "కింది ఫొటోలో చూపినట్టు ఈ వాషర్‌ను తిప్పి పెట్టండి" అని వాక్యం ఉంటుంది, ఫొటో ఉండదు. ఆ ఏడాది నేను స్టీరింగ్ ర్యాక్ విప్పి, సగం పనిలో ఉండి, అటువంటి ఖాళీ పెట్టె ముందు కూర్చున్నాను. 2020 డిసెంబరులో యాహూ గ్రూపులు కూడా మూతపడ్డాయి. ఇరవై ఏళ్ల ప్రశ్నలూ జవాబులూ వాటితో పాటు వెళ్లాయి. కొన్నింటిని శ్రద్ధ ఉన్నవాళ్లు ముందే దాచారు, చాలా వాటిని దాచలేదు.

మల్లిక్ బజారులో నూనె మరకల మధ్య నేను కొన్న మోరిస్ మాన్యువల్ మాత్రం ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉంది. అంతర్జాలాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఇతరులు ఉచితంగా ఇచ్చిన గదిలో మన ఇంటి సామానంతా పెట్టి తాళంచెవి వాళ్ల దగ్గరే వదిలేశాం, తప్పు మనది. నాకు పనికివచ్చిన ప్రతి పేజీనీ ఇప్పుడు అచ్చు తీసి, తేదీ వేసి, అట్ట కట్టి ఉంచుతున్నాను. ఇరవై రెండు సంపుటాలు అయ్యాయి.

అన్నింటికంటే నన్ను బాధించే విషయం, ఆ ఇరవై రెండింటిలో తెలుగు పేజీ ఒక్కటీ లేదు. అంబాసిడర్‌ను మన తెలుగు నేల మీద ఎన్ని దశాబ్దాలు నడిపామో ఆలోచించండి. పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, ఎన్నికల ప్రచారాలకు, అన్నింటికీ అదే కారు. వాటిని బాగుచేసిన మేస్త్రీలు విజయవాడలో, గుంటూరులో, హైదరాబాదులో, విశాఖపట్నంలో వేలమంది. ఎండాకాలంలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఇంజను ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ చుట్టాలని, ఎర్రమట్టి దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టరు ఎన్ని రోజులకు కడగాలని, మన వేడికి, మన రోడ్లకు సరిపోయేలా వాళ్లు కనిపెట్టిన ఉపాయాలు ఏ ఇంగ్లీషు మాన్యువల్‌లోనూ లేవు. ఇంగ్లండ్ మాన్యువల్ చలి దేశంలో రాసినది. మన మేస్త్రీల మాటను ఎవరూ రాసుకోలేదు. మా మేస్త్రీ గారి వయసు ఇప్పుడు డెబ్బై ఆరు. ఆయన కొడుకు కంప్యూటరుతో ఇంజను లోపాలు చదివే కొత్త కార్ల వర్క్‌షాపులో పని చేస్తున్నాడు, బాగానే సంపాదిస్తున్నాడు. కార్బొరేటరు విప్పడం అతనికి రాదు, రావలసిన అవసరమూ లేదు.

పోయిన ఏడాది జరిగిన ఒక సంగతి చెప్పి ముగిస్తాను.

నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో ఇంజనీరుగా ఉన్నాడు. మా కారులో ఉన్న ఇంజనే దానిలోనూ ఉందనే ఒక్క కారణంతో అతను పాత ఎంజీఏ కొన్నాడు. ఒక శనివారం రాత్రి ఫోను చేసి, ఇంజనులో చప్పుడు వస్తోందనీ, అక్కడివాళ్లను అడిగితే తలా ఒక కారణం చెప్పారనీ అన్నాడు. నేను మేస్త్రీ గారిని పిలిపించి వీడియో కాల్‌లో కూర్చోబెట్టాను. అతను ఇంజను స్టార్టు చేసి ఫోను దగ్గరగా పెట్టాడు. మాకు ఏమీ వినబడలేదు. మాట స్పష్టంగా వినిపించడం కోసం ఫోన్లు వెనుక ఉండే మోతను అణిచేస్తాయి కదా. మనకు కావలసినదే ఆ మోత.

మేస్త్రీ గారు కొంతసేపు ఆలోచించి, "బాబూ, పొడుగు స్క్రూ డ్రైవరు ఉందా?" అని అడిగారు. దాని కొసను ఇంజను బ్లాకు మీద ఆనించి, పిడిని చెవి వెనుక ఎముకకు ఆనించుకోమన్నారు. ఒక్కొక్క సిలిండరు దగ్గరా అలా విని ఎక్కడ గట్టిగా ఉందో చెప్పమన్నారు. "మూడో దాని దగ్గర అనిపిస్తోంది, కాని కచ్చితంగా చెప్పలేనండి" అన్నాడు అతను. అప్పుడు రబ్బరు గ్లవ్సు వేసుకుని, ఇంజను నడుస్తుండగా, ప్లగ్గు తీగలను ఒక్కొక్కటే పీకి మళ్లీ పెట్టమన్నారు. తీగ పీకితే ఆ సిలిండరు పని మానేస్తుంది. ఒకటో తీగ పీకాడు, చప్పుడు మారలేదు. రెండోది పీకాడు, మారలేదు. మూడోది పీకగానే, "తగ్గిందండీ మేస్త్రీ గారూ, బాగా తగ్గింది" అని అరిచాడు. "అయితే బిగ్ ఎండ్ బేరింగు బాబూ. ఇక స్టార్టు చేయకు. ఆయిల్ సంపు దించు" అన్నారు ఈయన. పిస్టను కడ్డీ క్రాంకును పట్టుకునే చోట ఉండే బేరింగు అది.

రెండు వారాల తరువాత ఫొటో వచ్చింది. మూడో సిలిండరు బేరింగు షెల్లు పైపూత మొత్తం అరిగిపోయి లోపలి రాగి రంగు కనిపిస్తోంది. మేస్త్రీ గారు ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చాలాసేపు చూశారు. పొగడ్త కోసం ఎదురుచూడలేదు. ఒక వైపు ఎక్కువ అరిగిందని చూపించి, కొత్త షెల్లు వేసే ముందు క్రాంకు గుండ్రం పోయిందేమో కొలిచాడా అని అడగమన్నారు. అడిగాను. కొలవలేదట, కొలవడం తెలియదట.

మైక్రోమీటరును క్రాంకు మీద ఎలా పట్టుకోవాలో, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా ఎందుకు కొలవాలో మా కారు క్రాంకునే బల్ల మీద పెట్టి ఆయన తెలుగులో చెప్పారు. నేను వీడియో తీశాను. ఆరు నిమిషాలు. అది నా ఫోనులో ఉంది, ఇంట్లో రెండు డిస్కుల మీద ఉంది, ఆయన చెప్పిన మాటలు రాసుకున్న కాగితం సంచిలో ఉంది. చూడాలనుకునేవారు సభ అయ్యాక ఈ బల్ల దగ్గరికి రండి. మేస్త్రీ గారు కూడా వచ్చారు, మూడో వరుసలో కూర్చున్నారు.